మినహాయింపు మనిషికా, నేలకా?

ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు నేను డి.ఏ. బకాయిల గురించో, హెల్తు కార్డుల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి మీద నాకన్నా బాగా రాయగల మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను పురపాలక సంఘంలో చేసిన ముప్పయ్యారేళ్ల ఉద్యోగంలో పదకొండేళ్లు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో గుమాస్తాగా గడిపాను. ఇంటి ప్లాన్లు, సెట్‌బ్యాకులు, వాటిలో సడలింపు కోరుతూ వచ్చే అర్జీలు, ఇదే ఆ పదకొండేళ్ల నా లోకం. మనలో చాలామంది పిల్లలు స్థిరపడిన అమెరికాలో ఈ సడలింపుల వ్యవహారం ఎలా పుట్టింది, కౌంటీ ఆఫీసుల్లో ఎలా నడుస్తున్నది అన్న విషయాన్ని ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

పరాయి దేశపు ముచ్చట మనకెందుకని అనుకోవద్దు. సర్కారు కొలువు చేసిన ప్రతివారికీ ఎదురైన ప్రశ్నే ఇది. రూలు ఒకటి ఉన్నప్పుడు, దాని నుంచి ఒకరిని మినహాయించే అధికారం ఎవరి చేతిలో ఉండాలి? ఆ అధికారం దేన్ని చూసి కదలాలి?

రూలు, దానికొక కిటికీ

కౌంటీ అంటే మన పాత తాలూకాకూ, జిల్లాకూ నడుమ ఉండే పరిపాలనా విభాగం వంటిది. ఆ దేశంలో మూడు వేలకు పైగా కౌంటీలున్నాయి. భూమిని నివాసానికి, వ్యాపారానికి, పరిశ్రమలకు, వ్యవసాయానికి అని విభజించి, ఏ భాగంలో ఏమి కట్టవచ్చు, ఎంత ఎత్తు కట్టవచ్చు, రోడ్డుకూ పక్క హద్దుకూ ఎంత జాగా వదలాలి అని నిర్ణయించడాన్ని జోనింగు అంటారు. నగరాలకు నగరపాలక సంస్థలు ఈ నిబంధనలు చేసుకుంటే, నగరాల హద్దుల్లోకి రాని ప్రాంతానికి సాధారణంగా కౌంటీయే చేస్తుంది.

ఆ నిబంధనను ఫలానా స్థలానికి అక్షరాలా వర్తింపజేస్తే అన్యాయమవుతుందని యజమాని అడిగి పొందే సడలింపే వేరియన్సు. దీన్ని మరి రెండింటితో కలిపి గందరగోళపడేవారున్నారు. నివాస ప్రాంతాన్ని వ్యాపార ప్రాంతంగా మార్చడం రీజోనింగు. అది చట్టాన్నే మార్చడం కనుక ఎన్నికైన కౌంటీ సభ చేయవలసిన పని. నివాస ప్రాంతంలో గుడి, బడి వంటివి పెట్టుకోవడానికి అనేక చోట్ల ప్రత్యేక అనుమతి కావాలి. చట్టమే ముందుగా ఊహించి కొన్ని షరతులతో తలుపు తెరిచి ఉంచిన సందర్భమది. వేరియన్సు ఈ రెండూ కాదు. చట్టం వద్దన్న పనినే, చట్టం అలాగే ఉండగా, ఒక్క స్థలానికి ఒప్పుకోవడం.

ఇటువంటి కిటికీ లేకపోతే ఏమవుతుంది? రూలు రాసేవారు నలుచదరపు స్థలాన్ని మనసులో పెట్టుకొని రాస్తారు. నేల మీద మూల తెగిన స్థలాలుంటాయి, వాగు కోసుకుపోయినవి ఉంటాయి, అన్నదమ్ముల పంపకాల్లో జానెడు వెడల్పుకు చిక్కినవి ఉంటాయి. నా సెక్షన్‌కు ఒక పెద్దావిడ అర్జీ వచ్చింది. భర్త పోయాక ఆమెకు మిగిలింది పదమూడడుగుల వెడల్పు స్థలం. రెండు పక్కలా అయిదేసి అడుగులు వదిలితే ఇల్లు కట్టడానికి మిగిలేది మూడడుగులు. సడలింపునకు తగిన కేసని నేను నోటు పెట్టాను. ఫైలు పైకి పోయి, కొర్రీలు పడి, కిందికి దిగి, మళ్లీ పైకి పోయి పద్నాలుగు నెలలు తిరిగింది. అదే రోజుల్లో మరో వీధిలో విశాలమైన స్థలం ఉన్న ఒక ఆసామికి మూడు వారాల్లో సడలింపు వచ్చింది. రెండు ఉత్తర్వుల్లోనూ కారణం అన్నది ఒక్క వాక్యం లేదు. ఆ పెద్దావిడ ఉత్తర్వు చేతికందేనాటికి ఆమె ఆ జాగాను పక్కింటివారికే అమ్ముకొని కూతురి ఊరికి వెళ్లిపోయింది.

కిటికీ ఉండడమే చాలదు, దాని గడియ ఎవరి చేతిలో ఉన్నదన్నది ముఖ్యం. అమెరికావారు ఈ పాఠాన్ని జోనింగు పుట్టకముందే, ఒక లాండ్రీ కేసులో నేర్చుకున్నారు.

లాండ్రీల కేసు, 1886

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1880లో ఒక నిబంధన చేశారు. చెక్క భవనంలో లాండ్రీ నడపాలంటే నగర సూపర్వైజర్ల సభ అనుమతి ఉండాలన్నది దాని సారాంశం. అగ్నిభయం వల్ల చేశామని చెప్పారు. ఊళ్లో ఉన్నవి సుమారు 320 లాండ్రీలు. వాటిలో 310 దాకా చెక్క భవనాలే. ఎవరికి అనుమతి ఇవ్వాలి, ఎవరికి కూడదు అన్నదానికి ఆ నిబంధనలో కొలబద్ద ఏదీ లేదు. సుమారు 200 మంది చైనీయులు దరఖాస్తు పెడితే అందరికీ నిరాకరించారు. చైనీయులు కాని 80 మందికి పైగా అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు.

యిక్ వో వర్సెస్ హాప్కిన్స్ అనే పేరుతో ఇది అమెరికా సుప్రీం కోర్టుకు వెళ్లింది. 1886లో కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. కాగితం మీద చట్టం అందరికీ ఒకటిగానే కనిపించినా, అమలులో మనిషి జాతిని చూసి వర్తింపజేస్తే అది సమానత్వపు హక్కుకు భంగమేనన్నది. అనుమతి ఇచ్చే అధికారానికి కారణం చెప్పే బాధ్యత తోడు లేకపోతే ఏమవుతుందో దేశానికంతటికీ తెలియజెప్పిన కేసు అది.

న్యూయార్కు పెట్టిన బోర్డు

1915లో న్యూయార్కు బ్రాడ్వే వీధిలో ఈక్విటబుల్ బిల్డింగు పూర్తయింది. దాదాపు 40 అంతస్తులు. వీధి అంచు నుంచి నిట్టనిలువుగా లేచి చుట్టుపక్కల కట్టడాలకు ఎండ, గాలి లేకుండా చేసింది. ఇటువంటివి మరికొన్ని లేస్తే నగరం చీకటి బావి అవుతుందని జనం భయపడ్డారు. ఎడ్వర్డ్ బాసెట్ అనే న్యాయవాది ముందు నిలిచి పనిచేయగా, 1916 జూలై 25న న్యూయార్కు నగరం జోనింగు తీర్మానం ఆమోదించింది. నగరం మొత్తానికి ఒకే పటం మీద ఇటువంటి నిబంధనలు చేయడం ఆ దేశంలో అదే మొదలు.

ఆ తీర్మానంతో పాటే ఒక అప్పీళ్ల బోర్డును కూడా పెట్టారు. ఇది దయాదాక్షిణ్యంతో చేసిన పని కాదు, ముందుచూపుతో చేసినది. జోనింగు రాజ్యాంగ సమ్మతమో కాదో అప్పటికి తేలలేదు. విడ్డూరమైన స్థలం ఉన్న యజమాని ఒక్కడు కోర్టుకు వెళ్లి గెలిస్తే చట్టం మొత్తం కూలిపోవచ్చు. అటువంటివారికి కోర్టు మెట్లెక్కకముందే బోర్డులో ఉపశమనం దొరికితే చట్టం నిలుస్తుంది. ప్రెషర్ కుక్కరుకు సేఫ్టీ వాల్వు వంటిది ఆ బోర్డు.

మాదిరి చట్టం, పల్లె కౌంటీ

వాణిజ్య మంత్రిగా ఉన్న హెర్బర్ట్ హూవర్, తర్వాత దేశాధ్యక్షుడైన ఆయనే, ఒక సంఘాన్ని వేసి రాష్ట్రాలకు పనికివచ్చే మాదిరి చట్టం తయారు చేయించాడు. 1924లో అచ్చయి, 1926లో సవరణలతో మళ్లీ వెలువడింది. ఒక్కొక్కటిగా రాష్ట్రాలన్నీ దాన్ని అనుసరించి చట్టాలు చేసుకున్నాయి. 1926లోనే ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ గ్రామం కేసులో సుప్రీం కోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా జోనింగు చెల్లుతుందని తీర్పు చెప్పింది.

ఆ మాదిరి చట్టం ఏడవ సెక్షన్ చదివితే మన వంటి గుమాస్తాల మనసు తృప్తి పడుతుంది. అయిదుగురు సభ్యుల బోర్డు. సమావేశాలు ప్రజలందరి ఎదుటా జరగాలి. మినిట్సు రాయాలి, ప్రతి అంశం మీద ఏ సభ్యుడు ఎటు ఓటు వేశాడో, రాకపోయినా, వచ్చి ఓటు వేయకపోయినా ఆ సంగతీ రాయాలి. మినహాయింపు ఇవ్వాలంటే అయిదుగురిలో నలుగురు ఒప్పుకోవాలి. నచ్చనివారు ముప్పై రోజుల్లో కోర్టుకు వెళ్లవచ్చు. నిబంధనను అక్షరాలా అమలు చేస్తే అనవసరమైన కష్టం కలగాలి, మినహాయింపు ప్రజాహితానికి విరుద్ధం కాకూడదు, చట్టం ఉద్దేశం నిలవాలి. ఇదీ ఆ సెక్షన్ పెట్టిన కొలత.

నగరాల్లో మొదలైనది పల్లెలకు పాకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తర భాగంలో కలప కంపెనీలు అడవులు నరుక్కొని వెళ్లిపోయాక, మోడుల నడుమ అక్కడొకరు ఇక్కడొకరు సేద్యానికి దిగి నష్టపోయారు. పన్నులు కట్టలేక భూములు కౌంటీ పాలయ్యాయి. ఎక్కడో విసిరేసినట్లున్న ఒక్క కుటుంబం కోసం కౌంటీ రోడ్డు వేయాలి, బడి నడపాలి. 1929లో రాష్ట్ర శాసనసభ, వ్యవసాయ, అటవీ, విహార భూములను కూడా నియంత్రించే అధికారం కౌంటీలకు ఇచ్చింది. 1933లో అక్కడి ఒనైడా కౌంటీ గ్రామీణ భూములకు సమగ్రమైన జోనింగు చేసింది. దేశంలో అదే మొదటిది. అటవీ ప్రాంతంలో ఏడాది పొడుగునా కాపురం ఉండడానికి కొత్తగా ఇల్లు కట్టరాదన్నారు. అప్పటికే ఉన్నవారిని మాత్రం కదిలించలేదు.

అర్జీ నడిచే దారి

ఇప్పుడు వర్జీనియా రాష్ట్రాన్ని తీసుకుందాం. మన తెలుగువారు ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీల్లో వేల సంఖ్యలో ఉన్నారు. అక్కడ ఈ బోర్డులో అయిదుగురో, ఏడుగురో స్థానికులుంటారు. వారిని నియమించేది పాలక సభ కాదు, సర్క్యూట్ కోర్టు. పదవీకాలం అయిదేళ్లు.

యజమాని లైసెన్సు ఉన్న సర్వేయరుతో పటం గీయించి, కట్టదలచినది ఎక్కడ ఎన్ని అడుగులు నిబంధన దాటుతుందో చూపి, కష్టం ఏమిటో రాసి, ఫీజు కట్టి దరఖాస్తు చేస్తాడు. కౌంటీ సిబ్బంది స్థలం చూసి నివేదిక రాస్తారు. పత్రికలో ప్రకటన వేస్తారు. పక్కనున్న స్థలాల యజమానులకు కనీసం అయిదు రోజుల ముందు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. చాలా కౌంటీల్లో ఆ స్థలంలోనే బోర్డు పాతుతారు. విచారణ బహిరంగంగా జరుగుతుంది. దరఖాస్తు అందిన 90 రోజుల్లో నిర్ణయం వెలువడాలని చట్టం. నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో సర్క్యూట్ కోర్టుకు అప్పీలు.

మా అబ్బాయి దగ్గర ఉన్న రోజుల్లో వారి కౌంటీలో ఒక విచారణకు నేను కూడా వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. రెండు దరఖాస్తులు విన్నాను. మొదటాయనది వీధి మలుపులో ముక్కోణపు స్థలం. ఇంటి వెనక వరండా కట్టుకుంటే ఒక మూల నాలుగడుగులు హద్దు వైపు జరుగుతుంది. రెండో ఆయనది చక్కని చదరపు స్థలం. మూడో కారుకు గ్యారేజి కావాలి. ఆయన మంచి మాటకారి, ఇరుగుపొరుగు నలుగురి చేత అభ్యంతరం లేదని ఉత్తరాలు కూడా తెచ్చాడు. బోర్డు మొదటాయనకు ఇచ్చింది, రెండో ఆయనకు లేదన్నది. అధ్యక్షురాలు ఇద్దరికీ కారణం చదివి వినిపించింది. మొదటి స్థలానికి వంకర ఉంది. రెండో స్థలానికి వంకర ఏమీ లేదు, యజమానికి మూడు కార్లున్నాయి, అంతే.

నేలను చూడాలి, ముఖాన్ని కాదు

ఈ సూత్రం ఊరికే రాలేదు. 1939లో న్యూయార్కు రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం మూడు ప్రశ్నలు ఖరారు చేసింది. అనుమతించిన వినియోగంతో ఆ భూమి మీద న్యాయమైన ప్రతిఫలం రాదా? కష్టం ఆ స్థలానికి ప్రత్యేకమా, లేక చుట్టుపక్కల అందరిదీనా? మినహాయింపు ఇస్తే పేట స్వభావం మారిపోతుందా? కష్టం అందరిదీ అయితే మార్చవలసింది చట్టాన్ని గాని, ఒకరికి సడలింపు ఇవ్వడం కాదు. తాను కొని తెచ్చుకున్న కష్టం కూడా సాధారణంగా లెక్కకు రాదు. సడలింపు ఒకసారి వస్తే అది స్థలంతో పాటు పోతుంది. ఇల్లు అమ్మితే కొన్నవారికీ వర్తిస్తుంది. కనుకనే యజమాని మంచివాడా, పేదవాడా, పలుకుబడి కలవాడా అని కాక, నేల ఏమంటున్నదని అడుగుతారు.

అన్ని చోట్లా ఇలాగే నడుస్తున్నదని నేననడం లేదు. కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ బోర్డు పనితీరు మీద 1962లో కెంటకీ లా జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. దాని శీర్షికలోనే దుష్పాలన అనే మాట ఉంది. చట్టం అడిగిన కారణం రికార్డులో కనిపించకుండానే సడలింపులు ఇచ్చారని, ఇరుగుపొరుగువారు వచ్చి అభ్యంతరం చెప్పారా లేదా అన్నదే నిర్ణయాలను నడిపిందని ఆ వ్యాసం చూపింది. అయితే ఒక సంగతి గమనించాలి. మినిట్సు ఉన్నాయి కనుకనే ఆ తప్పు పట్టుకోగలిగారు.

కోర్టులు బిగించాయి, సభలు వదులు చేశాయి

గత ముప్పై ఏళ్ల చరిత్ర తక్కెడ ఊగినట్లుంది. విస్కాన్సిన్‌లో సరస్సుల ఒడ్డున ఇల్లు నీటికి 75 అడుగుల దూరంలో ఉండాలి. కెనోషా కౌంటీలో ఒకరు చెక్క వసారా వేసుకోవడానికి 64 అడుగుల దాకా రానివ్వమని అడిగితే బోర్డు సరేనంది. 1998లో రాష్ట్ర సుప్రీం కోర్టు ఆ సడలింపును కొట్టివేసింది. వసారా లేకపోయినా ఇంట్లో హాయిగా ఉండవచ్చు కదా అన్నది తీర్పు సారాంశం. ఆరేళ్లకే, 2004లో, అదే కోర్టు కొలతల సడలింపులకు అంత కఠినమైన పరీక్ష అక్కరలేదని, నిబంధన అనవసరమైన భారమవుతున్నదా అని చూస్తే చాలునని చెప్పింది.

అదే 2004లో వర్జీనియా సుప్రీం కోర్టు మూడు ఊళ్ల కేసులు కలిపి విని, మూడింటిలోనూ సడలింపు కుదరదన్నది. స్థలం మొత్తానికి సహేతుకమైన ఉపయోగమేదీ లేకుండా పోతేనే బోర్డుకు అధికారం వస్తుందన్నది. బోర్డుల చేతులు కట్టేసినట్లయింది. 2009లోను, 2015లోను శాసనసభ చట్టం సవరించి ఆ ముడిని వదులు చేసింది.

2018లో వచ్చిన మరో సవరణ మన వయసువారు గుర్తుపెట్టుకోదగినది. నేలను తప్ప మనిషిని చూడకూడదన్న సూత్రానికి వర్జీనియా ఒక మినహాయింపు రాసుకున్నది. అంగవైకల్యం ఉన్న వ్యక్తికి ఇంటికి రావడానికి, పోవడానికి అవసరమైన మార్పు, ఉదాహరణకు చక్రాల కుర్చీ ఎక్కే వాలుబాట, కావాలంటే దానికీ వేరియన్సు ఇవ్వవచ్చు. ఆ వ్యక్తికి అవసరం తీరాక ఆ సడలింపు ముగిసేటట్లు కూడా చేయవచ్చు. 1988లో కేంద్రం సవరించిన గృహవసతి చట్టం దేశమంతటా ఇటువంటివారికి సహేతుకమైన వెసులుబాటు ఇవ్వాలని అంతకుముందే చెప్పి ఉన్నది. ఇక్కడ చూస్తున్నది మనిషినే, కాని ముఖాన్ని కాదు, మోకాళ్లను.

మన దగ్గర

మన ప్రాంతానికి 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం దగ్గర నుంచి నిబంధనలకు కొదువ లేదు. అయితే మనకు అలవాటైన వరస వేరు. ముందు కట్టడం, తర్వాత క్రమబద్ధం చేయించుకోవడం. 2007 డిసెంబరు 31న జీ.ఓ. 901 ద్వారా ఆంధ్రప్రదేశ్‌లో అపరాధ రుసుముతో అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే పథకం వచ్చింది. 2015లో రెండు రాష్ట్రాలూ మళ్లీ అటువంటి పథకాలు ప్రకటించాయి. వీటిలో చూసేది ఎన్ని చదరపు అడుగులు దాటారు, ఎంత కట్టాలి అని. ఎందుకు దాటవలసి వచ్చిందన్న ప్రశ్న లేదు. పదమూడడుగుల స్థలమూ, మూడో కారు గ్యారేజీ అక్కడ ఒకే వరసలో నిలబడతాయి. పైగా రూలుకు తలవంచి కట్టకుండా ఊరుకున్నవారికి ఆ పథకంలో చోటే లేదు. స్థలం అమ్ముకొని వెళ్లిపోయిన ఆ పెద్దావిడకు ఏ రుసుము కట్టినా దక్కేదేమీ లేదు.

అమెరికా పద్ధతిలో ఖర్చుంది, కాలయాపన ఉంది, పక్కింటివారి ఈర్ష్యలూ ఉన్నాయి. కాని కట్టకముందే అడగడం, అందరి ఎదుట అడగడం, ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం రాయడం, ఎవరు ఎటు చేయెత్తారో పుస్తకంలో ఉండడం, ఈ నాలుగూ డబ్బుతో పని లేనివి. మన ఆఫీసుల్లోనూ రేపటి నుంచి చేయగలిగినవి.

చివరగా, పిల్లల దగ్గరకు వెళ్లే సభ్యులకు ఒక మాట. అక్కడ కౌంటీ నుంచి బహిరంగ విచారణ అని కవరు వస్తే ప్రకటన కాగితమనుకొని చెత్తబుట్టలో వేయనివ్వకండి. పక్కవారు ఏదో అడుగుతున్నారని, అందులో మీ ఇంటివారికి మాట్లాడే హక్కు ఉన్నదని అర్థం. ఇంట్లో మోకాళ్ల నొప్పులవారికి వాలుబాట కావలసి వచ్చి, హద్దు అడ్డు వస్తే, కట్టవద్దన్నారని ఊరుకోకుండా ఆ ఆఫీసు కిటికీ దగ్గరకు వెళ్లి అడగమనండి. అడగడానికి ఒక కాగితం ఉంది, ఆ కాగితానికి కారణంతో కూడిన జవాబు రావలసి ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను కోరుకున్నదీ అంతే.